అల్పమూల్య శుభాకాంక్షా పత్రము : మర్యాదా చరిత్ర

1

దూరమున నున్నవారి మేలు కోరుచు నాలుగు మాటలు వ్రాసి పంపుట బహుకాలముగ నున్న ఆచారము. అచ్చైన పత్రమును కొని, అందున్న వాక్యమునే అందరికిని పంపుట మాత్రము పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున ఇంగ్లండులో నెలకొని, తపాలా వ్యవస్థతో పాటు లోకమంతట వ్యాపించినది. ఈ రెండవ ఆచారమును పుట్టిననాటినుండి ఒక సందేహము వెన్నంటియే వచ్చుచున్నది. వెల లేనిదో, మిక్కిలి స్వల్పమైన వెల గలదో యగు పత్రమును పంపుట మర్యాద యగునా? అట్టిదానిని అందుకొన్నవాడు గౌరవముగ భావింపవలయునా, ఉపేక్షగ భావింపవలయునా?

దీనికి సాధారణముగ వినవచ్చు సమాధానమొకటి కలదు. పూర్వులు స్వహస్తముతో దీర్ఘలేఖలు వ్రాసెడివారనియు, అచ్చుపత్రము వచ్చి ఆత్మీయతను సగము చంపినదనియు, ఫోను సందేశములు వచ్చి తక్కిన సగమును చంపినవనియు ఆ సమాధానము. వినుటకు సబబుగ తోచినను చరిత్ర దీనిని పూర్తిగ సమర్థింపదు. ధర తగ్గిన ప్రతి పర్యాయమును ఈ ఆక్షేపణ పుట్టుచునే యున్నది. ప్రతి పర్యాయమును సమాజము వెలకు బదులుగ మరియొక గుర్తును మర్యాదకు ప్రమాణముగ నేర్పరచుకొనుచునే యున్నది. ఒకప్పుడది చేవ్రాలు, ఒకప్పుడు సకాలము, ఒకప్పుడు అచ్చుమాటల నడుమ చేర్చిన సొంత మాట. అంతేకాక, చౌకపత్రముపై వచ్చిన ఆక్షేపణలలో కొంత భాగము ఆత్మీయతను గూర్చినది కాదు. అంతవరకు పంపజాలనివారు పంపగలుగుటను గూర్చిన అసహనమని నా యభిప్రాయము. ఈ రెండు విషయములను చారిత్రకముగ పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

2

1840కి పూర్వము ఇంగ్లండులో ఉత్తరపు రుసుము దూరమునుబట్టియు, కాగితముల సంఖ్యనుబట్టియు ఉండెడిది. ఉత్తరమునకు కవరు తొడిగినచో అదియు మరియొక కాగితముగనే లెక్కకు వచ్చెడిది. లండనునుండి ఎడింబరోకు ఒక్క కాగితపు టుత్తరమునకు షిల్లింగునకు మించి రుసుము. ఈ రుసుమును సామాన్యముగ పంపినవాడు గాక అందుకొన్నవాడు చెల్లించెడివాడు. ముందుగ చెల్లించి పంపుటకు అవకాశము లేకపోలేదు. కాని అట్లు చేయుట ఎదుటివాని శక్తిని శంకించుట యగునని పెద్దకుటుంబములవారు తలచెడివారు.

ఇట్టి స్థితిలో కేవలము మేలు కోరుచు ఉత్తరము వ్రాయుట ఎదుటివానిపై పన్ను వేయుటతో సమానము. బీదవారికి అది యొక దినపు కూలిలో పెద్ద భాగము. కవి కోల్‌రిడ్జ్ చెప్పినట్లుగ ప్రసిద్ధమైన కథ యొకటి ఇచ్చట గమనింపదగినది. సరస్సుల సీమలో ఒక కుటీరము వాకిట నిలిచిన స్త్రీ తనకు వచ్చిన ఉత్తరమును తిప్పి చూచి, రుసుము చెల్లింపలేనని తిరిగి యిచ్చివేయబోయినది. కోల్‌రిడ్జ్ జాలిపడి షిల్లింగు చెల్లించెను. విప్పిచూడగ లోపల ఏమియు లేదు. అన్నాచెల్లెండ్ర నడుమ ఏర్పాటది: కాగితము వచ్చినదన్న అన్న క్షేమముగ నున్నాడని యర్థము, దానిని పుచ్చుకొన నక్కరలేదు. తపాలా సంస్కర్తయగు రోలండ్ హిల్ తన వాదమునకు ఈ కథను వాడుకొన్నాడు. కథలోని వివరములెట్లున్నను, దానిలోని సారము స్పష్టము. ఒక్క యక్షరము లేని, ఒక్క కాసు ఖర్చు కాని ఆ కాగితము ఆ చెల్లెలికి నిండైన క్షేమవార్త. అక్షరముల సంఖ్యకును, వెలకును, ఆత్మీయతకును నడుమ తిన్నని సంబంధము లేదని దీనివలన తెలియును.

ఆనాడే ఉచితముగ పంపగలవారును కలరు. పార్లమెంటు సభ్యులు కవరుపై సంతకము చేసి దినమునకు పది ఉత్తరములు ఉచితముగ పంపవచ్చును. పదునైదు ఉచితముగ అందుకొనవచ్చును. బంధుమిత్రులు ఆ సంతకములకై సభ్యుల నాశ్రయించెడివారు. సభ్యుని సంతకము గల ఉత్తరము వచ్చుట అందుకొన్నవానికి రుసుము తప్పించుటయేగాక, ఉన్నతుల పరిచయమునకు చిహ్నముగ కూడ నుండెడిది. ఉచితముగ వచ్చినది గావున ఇది అగౌరవమను మాట అప్పుడు వినరాదు. ఉచితము కొందరి హక్కుగ నున్నంతకాలము అది గౌరవము. అందరికిని అందుబాటైన పిమ్మటనే అది శంకాస్పదమైనది. చౌకపత్రముల చరిత్రను చదువునపుడు ఈ భేదము మనస్సున నుంచుకొనవలయును.

3

రోలండ్ హిల్ 1837లో ప్రకటించిన చిన్న గ్రంథమున ఒక సులభమైన సత్యమును వెల్లడించెను. ఉత్తరమును దూరము మోసుకొనిపోవుటకగు ఖర్చు అత్యల్పము; దానిని లెక్కగట్టి, గుమ్మముకడ నిలిచి రుసుము వసూలు చేయుటకగు ఖర్చు అధికము. కావున దూరముతో నిమిత్తము లేక ఒకే రుసుమును ముందుగనే పుచ్చుకొనుట మేలని ఆయన వాదము. 1840 జనవరి 10న అర ఔన్సు ఉత్తరమునకు ఒక పెన్నీ రుసుము అమలులోనికి వచ్చెను. అదే సంవత్సరము మే నెలలో తపాలా బిళ్ల వెలువడెను. సభ్యుల ఉచిత హక్కు రద్దయ్యెను. 1839లో సుమారు 7 కోట్ల 60 లక్షలుగ నున్న ఉత్తరముల సంఖ్య 1840లో సుమారు 16 కోట్ల 90 లక్షలకు పెరిగినది.

ముందుగ చెల్లింపని ఉత్తరమునకు రెండు పెన్నీలు. దీనివలన మర్యాద తలక్రిందులైనది. నిన్నటివరకు ముందు చెల్లించుట ఎదుటివానిని తక్కువ చేయుట. నేటినుండి చెల్లింపక పంపుట ఎదుటివానిని తక్కువ చేయుట. ఏ నీతిశాస్త్రకారుడును ఈ మార్పును బోధింపలేదు. రుసుముల పట్టికయే దానిని తెచ్చినది. మర్యాద కేవలము హృదయమునుండి పుట్టునదనువారు ఈ యుదాహరణమును ఆలోచింపవలయును.

ఈ సంస్కరణలో హిల్‌కు తోడ్పడిన ఉద్యోగి హెన్రీ కోల్. 1843లో ఆయన చిత్రకారుడగు జాన్ కాల్కాట్ హార్స్లీచేత ఒక పత్రమును వ్రాయించి అచ్చు వేయించెను. ప్రచారమునకు వచ్చిన క్రిస్మస్ పత్రములలో ఇదియే మొదటిదని చెప్పుదురు. నడుమ బల్లచుట్టు కూర్చుండి పానపాత్రల నెత్తిన కుటుంబము; ఇరుప్రక్కల అన్నము పెట్టుట, వస్త్రమిచ్చుట అను దానచిత్రములు; పైని అందుకొనువాని పేరును, క్రింద పంపువాని పేరును వ్రాయుటకు ఖాళీలు. చిత్రమున పసిబిడ్డకు కూడ మద్యము పట్టుచున్నారని మద్యపాన నిషేధవాదులు ఆక్షేపించిరి. పత్రము వెల షిల్లింగు. పంపుటకు పెన్నీ, కొనుటకు పన్నెండు పెన్నీలు. కావున మొదటి పత్రము చౌకపత్రము కాదు.

ఐనను అది శ్రమను తగ్గించుటకే పుట్టినది. పండుగ వేళ ప్రత్యుత్తరములు వ్రాయవలసినవారు కోల్‌కు పెక్కుమంది. పెన్నీ తపాలా వచ్చిన పిమ్మట ఉత్తరము రాలేదనుటకు సాకు లేదు. వచ్చినదానికి బదులీయకుండుట అమర్యాద. తాను ప్రోత్సహించిన సౌలభ్యమే తన బల్లపై కాగితముల గుట్టయై నిలువగ, అచ్చును ఆశ్రయించెను. అచ్చు మాటలు అందరికి నొకటియే. ఖాళీలలోని పేర్లు మాత్రము స్వహస్తము. పందొమ్మిదవ శతాబ్ది శుభాకాంక్షా మర్యాద అంతయు ఆ రెండు ఖాళీలలో నిమిడియున్నదని చెప్పవచ్చును. పేరు వ్రాయుటయే ఆ పత్రమును వేయింటిలో నొకటి కాకుండ, ఒకని కొరకైన దానినిగ చేయుచున్నది.

4

పత్రము చౌకయగుటకు మరి రెండు మూడు దశాబ్దములు పట్టినది. 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగరీలో తపాలా కార్డు పుట్టెను. సరిగ సంవత్సరమునకు, 1870 అక్టోబరు 1న, బ్రిటనులో అర పెన్నీ కార్డు వచ్చెను. అంటింపని కవరులో అచ్చుపత్రము పంపుటకును అర పెన్నీయే రుసుమైనది. మరియొకవైపు రంగుల శిలాముద్రణము పెరిగి, జర్మనీలో అచ్చైన పత్రములు తక్కువ వెలకు దొరకజొచ్చినవి. అమెరికాలో 1875 ప్రాంతమున క్రిస్మస్ పత్రములను వ్యాప్తిలోనికి తెచ్చిన బోస్టను ముద్రాపకుడు లూయీ ప్రాంగ్ అధిక వ్యయముతో చక్కని పత్రములను వేయించి, 1880 మొదలు చిత్రకారులకు పోటీలు పెట్టి బహుమతులిచ్చెను. చౌకయైన జర్మను పత్రముల పోటీకి నిలువలేక ఆయన 1890ల దశకమున ఈ వ్యాపారమునుండి తప్పుకొనవలసివచ్చినది.

ఈ కాలమున మర్యాదను గూర్చిన ఆక్షేపణలు రెండు విధములు. తెరచియున్న కార్డును తపాలా బంట్రోతును, ఇంటి సేవకులును చదువవచ్చును గావున, కార్డు వ్రాయుట ఎదుటివానిని రహస్యము పాటింపదగనివానిగ నెంచుట యని యొకటి. క్రిస్మస్ పత్రముల వెల్లువవలన అసలైన ఉత్తరములు ఆలస్యమగుచున్నవని రెండవది. "అసలైన" అను మాటలోనే వివాదము కలదు. వర్తకుని లెక్కకాగితము అసలైన ఉత్తరమై, దూరపట్టణమున పనిచేయు దాసి తన తల్లికి పంపిన అర పెన్నీ పత్రము కాకుండ పోవుటకు కారణమేమి? మొదటి ఆక్షేపణలో మర్యాదను గూర్చిన ఆలోచన కలదు. రెండవదానిలో కొత్తగ వచ్చినవారిపై చిరాకే ఎక్కువగ కనిపించును. తపాలాశాఖ మాత్రము ఫిర్యాదునకు మరియొక సమాధానము వెదకినది. క్రిస్మస్‌కు ముందుగనే పత్రములు వేయుడని 1880లో ప్రజలను కోరినది. అప్పటినుండి సకాలమున పంపుటయు మర్యాదలో భాగమైనది. వెల స్వల్పమైనను, తేదీ గుర్తుంచుకొని ముందుగ పంపినవాడు శ్రద్ధ చూపినవాడు.

చౌకతనము అవమానమునకు కూడ త్రోవ తీసినది. వాలెంటైన్ దినమున ప్రేమపత్రములతో పాటు, అందుకొన్నవాని రూపమునో వృత్తినో వెక్కిరించు పేరు లేని పత్రములను కొందరు పంపెడివారు. ఇవి మిక్కిలి చౌక. కావున చౌకపత్రమున మర్యాద లేకపోవచ్చుననుట అసత్యము కాదు. కాని ఆ యమర్యాదకు మూలము పంపినవాడు పేరు దాచుకొనుట, వెల కాదు.

తపాలా రుసుములు మాటల సంఖ్యను సైతము శాసించినవి. తక్కువ రుసుమున పోవు అచ్చుపత్రముపై వ్రాత ఎంతవరకుండవచ్చునను ప్రశ్నకు ఇరువదవ శతాబ్ది ఆరంభమున అంతర్జాతీయ నిబంధనలు ఒక హద్దు పెట్టినవి: శుభాకాంక్షలు, అభినందనలు, కృతజ్ఞత, సంతాపము మొదలగు మర్యాదావచనములు ఐదు మాటలకు మించరాదు. ఫ్రాన్సులో ఐదు మాటలలోపు వ్రాసిన చిత్రపు కార్డునకు తక్కువ రుసుము. ఆరవ మాట వ్రాసినచో ఎక్కువ. ఈ నిబంధన రాబడి కొరకై చేసినది. ఐనను దానివలన ఒక యాచారమేర్పడినది. అచ్చులో లేని మాటలను, పేరునకు ముందో వెనుకనో, చేతితో చేర్చుట మర్యాదకు గుర్తైనది. ఐదు మాటలలో ఏమి చెప్పవలయునో యోచించుట పంపువాని పనియైనది.

5

బ్రిటిషు పాలనమున నున్న భారతదేశమునకును ఈ సంస్కరణలు వరుసగ వచ్చినవి. 1854 అక్టోబరు 1న దూరముతో నిమిత్తము లేని రుసుము ఏర్పడెను. పావు తులము ఉత్తరమునకు అర్ధణా. 1879 జూలై 1న కాలణా కార్డు వెలువడెను. మన యిండ్లలో "కార్డు" అను మాట తెలుగు మాటయే యైపోవుటకు ఈ కాలణా వెలయే కారణము.

కార్డు వచ్చునప్పటికే తెలుగువారికి లేఖామర్యాద పూర్ణముగ నుండెను. పెద్దలకు "బ్రహ్మశ్రీ", "మహారాజశ్రీ" అను సంబోధనములు, పిన్నలకు "చిరంజీవి", క్షేమము తెలిపి ఎదుటి క్షేమము కోరు "ఉభయకుశలోపరి" మున్నగునవి ఆ మర్యాదకు స్తంభములు. అవి అచ్చువాక్యములవలె అందరికి నొకటియే. వానిని ఎవరును కృత్రిమములని నిందింపలేదు. నిలుకడయైన మాట మర్యాదకు అడ్డు గాదనుట కిది మన భాషలోని నిదర్శనము. కార్డు తెరచియుండునది గావున, ఇంటి గుట్టు కవరులోను, క్షేమవార్త కార్డుమీదను వ్రాయుట వాడుకయైనది. అశుభవార్త తెచ్చిన కార్డును చదివి ఇంట నుంచక చించివేసెడివారు. శుభలేఖకు నాలుగు మూలల పసుపు పూసెడివారు. ఆ పసుపు విలువ ఎంత? దాదాపు శూన్యము. కాని చెయ్యి తగిలినదనుటకు గుర్తు అది. అచ్చైన వంద శుభలేఖలలో ప్రతిదానికిని నాలుగుసార్లు వ్రేలు తాకవలసినదే.

అచ్చు శుభలేఖ వచ్చిన పిమ్మటను తెలుగునాట పిలుపు మర్యాద దానితో తీరిపోలేదు. దగ్గర బంధువులను, ఇరుగుపొరుగువారిని కుంకుమభరిణె చేత పట్టుకొని పోయి బొట్టుపెట్టి పిలువవలసినదే. శుభలేఖ మాత్రము చేరి పిలుపు రానిచో అలుక తప్పదు. దూరమున నున్నవారి విషయమున ఈ పని చేయుటకు వీలులేదు గావున, స్వయముగ రాలేకపోయినందులకు మన్నింపుమనియు, దీనినే ప్రత్యేకాహ్వానముగ భావింపుమనియు శుభలేఖలోనే అచ్చు వేయు సంప్రదాయమేర్పడినది. చౌకయైన సాధనము తన కొరతను తానే చెప్పుకొని క్షమాపణ కోరుట ఇది. ఇంగ్లండున రెండు ఖాళీలు చేసిన పనిని ఇచ్చట పసుపును, ఆ మన్నింపు వాక్యమును చేసినవి.

అంటింపని కవరుపై "బుక్ పోస్టు" అని వ్రాసి, తక్కువ రుసుముతో శుభలేఖలను, పండుగ పత్రములను పంపుటయు ఇరువదవ శతాబ్దిలో తెలుగునాట సర్వసామాన్యమైనది. కవరు మూత లోనికి మడచి పంపినంతమాత్రమున అగౌరవమని ఎవరును తలపలేదు. అందరును అట్లే పంపుచుండిరి గావున అదియే మర్యాద.

స్వహస్తమే ఆత్మీయతకు ప్రమాణమనువారికి ఇచ్చట మరియొక ప్రశ్న ఎదురగును. చదువురానివారు తమ కార్డులను బడిపంతులుచేతనో, తపాలా బంట్రోతుచేతనో, ఇరుగుపొరుగు విద్యార్థిచేతనో వ్రాయించుకొనెడివారు. అందుకొన్నవారును ఒకనిచే చదివించుకొనెడివారు. చేవ్రాత ఒకనిది, కంఠము మరియొకనిది, మాట మాత్రము పంపినవానిది. అట్టి కార్డును ఆత్మీయత లేనిదనుట సాహసము. స్వహస్తమును ఏకైక ప్రమాణముగ నిలుపుట అక్షరాస్యుల పక్షపాతము.

6

వెల లేని పత్రమునకు అత్యంత తీవ్రమైన పరీక్ష 1914-18 యుద్ధకాలమున జరిగినది. యుద్ధభూమిలోని బ్రిటిషు సైనికులకు ఇంటికి ఉత్తరములు పంపుట ఉచితము. వ్యవధి లేనపుడు పంపుటకు సైన్యము ఒక అచ్చు కార్డు నిచ్చెను. తాను కులాసాగ నున్నాననియు, ఆసుపత్రిలో చేరితిననియు, ఉత్తరమందినదనియు, త్వరలో వ్రాయుదుననియు వాక్యములు అందు వరుసగ నుండెడివి. పనికిరానివానిని కొట్టివేసి, క్రింద సంతకము, తేదీ వేయవలయును. అంతకుమించి ఒక్క మాట వ్రాసినను కార్డును నాశనము చేయుదురని దానిపైననే అచ్చైయుండెను.

అంతర్జాతీయ తపాలా ఐదు మాటలనైన అనుమతించినది; ఈ కార్డు అదియు లేదు. మాట పంపినవానిది కాదు, కార్డునకు వెల లేదు, రుసుము లేదు. పైన జెప్పిన ఆక్షేపణ నిజమైనచో దీనికి మించిన నిర్జీవపత్రము ఉండరాదు. కాని ఇంటివారు ఎదురుచూచినది ఈ కార్డు కొరకే. తరతరములు దాచుకొన్నవారును కలరు. కోల్‌రిడ్జ్ కథలోని ఖాళీ కాగితమువలె దీని యర్థము ఒక్కటియే: తేదీనాటికి బ్రతికియున్నాడు. ఆ కొట్టివేతల పెన్సిలు గీతలే అతడు చేయగలిగిన సమస్తము. పంపువాని శక్తిమేరకు చేసిన పని కనబడినచో, అందుకొన్నవాడు వెలనుగాని మాటలనుగాని లెక్కింపడని ఈ కార్డు తెలుపుచున్నది.

1914 క్రిస్మస్‌కు రాజదంపతులు సైనికులకు పంపిన పత్రమును దీనితో పోల్చవచ్చును. దానిపై రాజు చేవ్రాతను యథాతథముగ అచ్చొత్తించిరి. స్వహస్తమున కున్న గౌరవమును గుర్తించి, ఆ స్వహస్తమునే లక్షల ప్రతులుగ తీయుట అది. అచ్చు శుభలేఖ తన కొరతను ఒప్పుకొని మన్నింపు కోరినది. ఈ రాజపత్రము తన కొరతను కప్పిపుచ్చినది. తరువాతి కాలపు వ్యాపారపత్రములు అనుసరించినది ఎక్కువగ ఈ రెండవ మార్గమునే.

7

ఇరువదవ శతాబ్దిలో వెల తగ్గుటతో పాటు, వెలను దానముగ మార్చు ప్రయత్నమును జరిగినది. 1904లో డెన్మార్కున ఐనార్ హోల్‌బోల్ అను తపాలా ఉద్యోగి క్షయరోగ నివారణకై క్రిస్మస్ బిళ్లలను అమ్మించు పద్ధతి ప్రవేశపెట్టెను. 1907లో అమెరికాలో ఎమిలీ బిస్సెల్ దానిని అనుసరించెను. అల్పమైన వెలగల ఆ బిళ్ల తపాలా రుసుమునకు పనికిరాదు. కవరుపై దానిని అతికించుటవలన పంపువాని శుభాకాంక్ష వెనుక ఒక ధర్మకార్యము కూడ కలదని తెలియును. 1949లో యునిసెఫ్ మొదటి పత్రము వెలువడెను. సాయమందిన చెకోస్లొవేకియా బాలిక యొకతె, ఏడేండ్లది, కాగితము లేక గాజు పలకపై వ్రాసిన కృతజ్ఞతాచిత్రమది. ఇట్టి పత్రములందు చౌకతనము తప్పు కాకపోగా, ఆడంబరము మాని మిగిల్చిన సొమ్ము మరియొక చోటికి చేరుచున్నదను సంతృప్తి కలదు.

ఈ సద్భావమునుండియే ఒక చిక్కు పుట్టినది. కొన్ని సంస్థలు అడుగని పత్రములను ఇండ్లకు ఉచితముగ పంపి, లోపల విరాళపు విజ్ఞప్తి నుంచుచున్నవి. వానిని వాడుకొని సొమ్ము పంపకుండుట తప్పా? అమెరికాలో 1970 నాటి తపాలా చట్టము అడుగక పంపిన వస్తువును అందుకొన్నవాడు కానుకగ నుంచుకొనవచ్చునని తేల్చినది. వెల చెల్లించు బాధ్యత లేదు. చట్టము తేల్చినది ఋణమును మాత్రమే. మనస్సున కలుగు మొగమాటమును అది తీర్చలేదు. ఆ సంస్థలు ఆధారపడునది ఆ మొగమాటముపైననే. ఈ పద్ధతి ఉచితపత్రమునకు మరియొక నియమమును బోధించుచున్నది. కానుకగ నిచ్చి ప్రతిఫలమును మనస్సున నుంచుకొనుట మర్యాద కాదు. ఈ నియమము వ్యక్తులకును వర్తించును. ఎవరు బదులు పంపిరో పట్టిక వ్రాసికొని, పంపనివారి పేరు మరుసటి యేట కొట్టివేయువాడు పంపునది శుభాకాంక్ష కాదు, చేబదులు.

8

అచ్చుపత్రమునకు తరువాతి ఘట్టము కాగితమే లేని పత్రము. సెల్‌ఫోనుకు పంపిన మొదటి లిపిసందేశము 1992 డిసెంబరు 3న బ్రిటనులో పంపిన క్రిస్మస్ శుభాకాంక్షయే. 1994లో అమెరికాలోని ఎం.ఐ.టి. సంస్థలో జూడిత్ డోనత్ కంప్యూటరు ద్వారా పంపు చిత్రపత్రమును రూపొందించెను. 1996లో బ్లూ మౌంటెన్ ఆర్ట్స్ అను సంస్థ ఇంటర్నెట్టున ఉచితపత్రములను అందింప నారంభించెను. 1999లో ఎక్సైట్ ఎట్ హోమ్ అను కంపెనీ దానిని సుమారు 78 కోట్ల డాలర్లకు కొనెను. 2001లో అది సుమారు 3 కోట్ల 50 లక్షల డాలర్లకే అమెరికన్ గ్రీటింగ్స్ చేతికి మారెను. పంపువానికి ఉచితమైన దానికి అంత వెల గట్టుటకు కారణము, పత్రము చూచుటకు వచ్చు జనసమూహమును ప్రకటనకర్తలు కోరుటయే. భారత తపాలాశాఖయు 2002లో ప్రకటనను అచ్చువేసిన "మేఘదూత్" కార్డును 25 పైసలకు, అనగ నాటి మామూలు కార్డు వెలలో సగమునకు, అమ్మినది. ఉచితమునకును, చౌకకును వెనుక ఎవరో వెల చెల్లించుచునే యుందురు. పూర్వము చెల్లించినది అందుకొన్నవాడు, పిమ్మట పంపినవాడు, ఇప్పుడు ప్రకటనకర్త. ఆతడు చెల్లించునది కొనుటకే గావున, ఆ వెల కొంత అందుకొన్నవాని శ్రద్ధనుండియే రాబట్టుకొనును.

ఫోనులలో వాట్సాప్ వంటి సాధనములు వచ్చిన పిమ్మట ఒక వ్రేలి తాకుడుతో వందమందికి ఒకే చిత్రమును పంపుట సాధ్యమైనది. భారతీయులు పంపుకొను ప్రభాతశుభాకాంక్షా చిత్రములతో ఫోనులు నిండిపోవుచున్నవని 2018 జనవరిలో అంతర్జాతీయ పత్రికలు వ్రాసినవి. ఈ వార్తను చదివి నవ్వినవారు పెక్కురు. నిజమే, ఒకే చిత్రము పదిమంది నుండి వచ్చినపుడు మొదటి తొమ్మిదింటికి పదియవది సాక్ష్యము: ఎవరును దానిని నాకై యెన్నుకొనలేదు. కాని ఆ చిత్రములను పంపువారిలో ఉద్యోగము విరమించినవారు, బిడ్డలు విదేశములందుండగ ఇంట నొంటరిగ మిగిలిన తల్లిదండ్రులు పలువురు. వారి ప్రభాతచిత్రమున కర్థము యుద్ధభూమినుండి వచ్చిన కార్డు అర్థమునకు దూరము కాదు: ఈ తెల్లవారు నేను లేచితిని, నీవు తలపునకు వచ్చితివి. చిత్రము వారిది కాదని దానిని త్రోసివేయువాడు, కార్డుపైని వాక్యము సైన్యమువారిదని త్రోసివేసినవానితో సమానుడు.

9

ఈ పరిశీలనమునుండి తేలిన అంశములను సంగ్రహింతము. రుసుము అందుకొన్నవానిపై నున్నపుడు భారము మోపకుండుట మర్యాద. పంపువానిపైకి మారినపుడు ముందు చెల్లించుట మర్యాద. అచ్చుపత్రము వచ్చినపుడు పేరు వ్రాయుట. వెల్లువ పెరిగినపుడు సకాలమున పంపుట. రుసుము మాటలను కుదించినపుడు ఆ కొలది మాటలను చేతితో చేర్చుట. తెలుగునాట పసుపు, బొట్టు, మన్నింపు వాక్యము ఈ వరుసకు చెందినవే. వెల తొలగినచోట ఒక పని వచ్చి నిలిచినది. ఆ పని ఎంత స్వల్పమైనను, ఒక్కనిని ఉద్దేశించి చేసినదిగ కనబడవలయును.

కావున ఉచితపత్రమును పంపుటలో తప్పు లేదు. పేరు పెట్టి పిలువక, సమయమును గమనింపక, ఒక్క సొంత మాట చేర్చక, చేర్చుటకు శక్తియు వ్యవధియు కలిగియు పంపుటయే తప్పు. అట్లే, వెలగల పత్రము నెన్నుకొని పై పనులను మానుటయు అంతే తప్పు. అందుకొన్నవానికి ఒక ధర్మము కలదు. పత్రము వెలను గాక, పంపినవాని స్థితిలో అతడు చేయగలిగినది ఎంత, చేసినది ఎంత అని చూడవలయును. ధనికుని నిర్లక్ష్యమును, దరిద్రుని శ్రద్ధను ఒకే అర పెన్నీ పత్రము మోసికొని రావచ్చును.

పరిశోధకులకు ఇందుండి కలుగు కర్తవ్యమొకటి కలదు. ప్రముఖుల దీర్ఘలేఖలను సేకరించి ప్రకటించుట మన విద్యాసంస్థలకు అలవాటే. కాలణా కార్డులు, అచ్చు శుభలేఖలు, బుక్ పోస్టు కవర్లు, పండుగ పత్రములు మాత్రము చౌకవియని పాతకాగితముల వానికి పోవుచున్నవి. ఏ సంబోధన ఏ దశాబ్దిలో మారినది, శుభలేఖలో మన్నింపు వాక్యము ఎప్పుడు ప్రవేశించినది, స్త్రీల పేర్లు కవరుపై ఎన్నడు కనబడినవి మున్నగు ప్రశ్నలకు సమాధానములు వానిలోనే కలవు. ఒక్కొక్క విద్యార్థి తన యింటిలోని పెట్టెను, బంధువుల యిండ్లలోని ఉత్తరాల తీగను వెదకి, తేదీలతో పట్టిక తయారుచేసినను, తెలుగు లేఖామర్యాదా చరిత్రకు కావలసిన మొదటి సామగ్రి సమకూరును.